మీ ప్రశ్నలు – మా జవాబులు: ఇంకాల రాతిబాట

స్పెయిన్ వారు రాకముందు పెరూ ప్రాంతాన్ని ఏలిన ఇంకాలు కొండ మీద కట్టిన ఊరు మాచు పిచ్చు. ఆ శిథిలాలకు నాలుగు రోజులు కాలినడకన వెళ్ళే ఇంకాల రాతిబాట గురించి రెండు నెలల కిందట ఈ శీర్షికలో క్లుప్తంగా రాశాను. ఆ తరువాత బెంగళూరు నలుమూలల నుంచి ఉత్తరాలు వచ్చాయి. అన్నిటికీ విడివిడిగా జవాబు ఇవ్వడం సాధ్యం కాదు కనుక ఒకే రకమైన ప్రశ్నలను కలిపి, ఆరింటికి ఇక్కడ జవాబు రాస్తున్నాను. నేను ఆ దారి ఒక్కసారే నడిచాను. నడిచినంత మేరకు తెలిసినదీ, నడవక ముందూ తరువాతా చదివి తెలుసుకున్నదీ ఇందులో ఉన్నాయి.

ప్రశ్న: మేమిద్దరం సాఫ్ట్‌వేర్ ఉద్యోగులం. శని, ఆదివారాలు కలుపుకుని తొమ్మిది రోజుల సెలవు దొరుకుతుంది. కుస్కో నగరంలో దిగిన మర్నాడు ఉదయమే నడక మొదలయ్యేలా ఒక ఏజెంటు కార్యక్రమం వేసి ఇచ్చారు. నెలకొకసారి స్కందగిరి ఎక్కుతాం, కుమార పర్వతం రెండుసార్లు ఎక్కాం. ఈ అలవాటు సరిపోతుందా? (మారతహళ్ళి దంపతులు)

జవాబు: కాళ్ళకు సరిపోతుంది, ఊపిరికి సరిపోదు. ఆ కార్యక్రమాన్ని ఒప్పుకోవద్దని మీకు గట్టిగా చెబుతున్నాను. బెంగళూరు సముద్ర మట్టానికి సుమారు 920 మీటర్ల ఎత్తులో ఉంది, కుమార పర్వత శిఖరం 1,712 మీటర్లు. మీరు విమానం దిగే కుస్కో 3,400 మీటర్ల ఎత్తున, అంటే దాదాపు మన లేహ్ ఎత్తున ఉంటుంది. ఆ బాటలో రెండో రోజు దాటవలసిన వార్మి వాన్యుస్కా కనుమ 4,215 మీటర్లు. అక్కడ గాలి పీడనం సముద్ర తీరంలో ఉండే దానిలో ఇంచుమించు అరవై శాతమే కాబట్టి పీల్చిన ప్రతి శ్వాసలోనూ ఒంటికి అందే ప్రాణవాయువు ఆ మేరకు తగ్గుతుంది. ఈ లోటుకు శరీరం అలవాటు పడడానికి రోజులు కావాలి. ఆ రోజులను కండబలంతోనో, వయసుతోనో, గత అనుభవంతోనో భర్తీ చేయడం కుదరదు.

మా బృందంలో అందరికన్నా దృఢమైన వ్యక్తి, ఏటా మారథాన్ పరుగెత్తే మనిషి, ఒక్కరోజు విశ్రాంతి చాలునని చెప్పిన ఏజెంటు మాట నమ్మి మాకన్నా రెండు రోజులు ఆలస్యంగా వచ్చి కలిశారు. మొదటి రాత్రి తలనొప్పి అన్నారు, అన్నం వద్దన్నారు. రెండో రోజు కనుమ సగం దూరంలో ఉండగా బూటు తాడు కట్టుకోవడానికి వంగి, ముడి వేయడం గుర్తుకు రానట్టు ఆ తాడును చేతిలో పట్టుకుని అలాగే కూర్చుండిపోయారు. మా మార్గదర్శి ఆ వేళ్ళ తడబాటు చూడగానే ఇంకేమీ అడగలేదు, ఒక కూలీని తోడిచ్చి ఆయనను వెంటనే కిందికి దించారు. వెయ్యి మీటర్లు దిగేసరికి ఆయన మామూలు మనిషయ్యారు. ఎత్తుకు అన్నిటికన్నా నమ్మకమైన మందు దిగిపోవడమే. తలనొప్పి, వికారం, నిద్ర పట్టకపోవడం చాలామందికి వస్తాయి, ఆగితే తగ్గుతాయి. కానీ మాట తడబడినా, అడుగు తూలినా, కూర్చున్నచోటే ఆయాసం వచ్చినా అది మెదడులోకో ఊపిరితిత్తుల్లోకో నీరు చేరుతున్న గుర్తు కావచ్చు కనుక, రాత్రి అయినా సరే దిగవలసిందే.

మీకు నేను సూచించే క్రమం ఇది. కుస్కోలో దిగిన రోజునే అక్కడ ఉండకుండా ఉరుబాంబా లోయలోని ఒయాంతాయ్‌తాంబోకు వెళ్ళండి. అది సుమారు 2,800 మీటర్ల ఎత్తున ఉంటుంది కాబట్టి మొదటి నిద్ర సుఖంగా పడుతుంది. అక్కడ రెండు రాత్రులు, ఆ తరువాత కుస్కోలో ఒకటి లేదా రెండు రాత్రులు గడిపి నడక మొదలుపెట్టండి. మన దేశం నుంచి పెరూ రాజధాని లీమాకు నేరుగా విమానం లేదు, రానూపోనూ ప్రయాణాలే నాలుగు రోజులు తింటాయి. అంతా లెక్క వేస్తే పదమూడు, పధ్నాలుగు రోజులు అవుతాయి. ఈ ఏడాది అంత సెలవు దొరకకపోతే వచ్చే ఏడాది వెళ్ళండి. ఎత్తు మందుగా వాడే ఎసిటజోలమైడ్ గురించి మీ వైద్యుణ్ణి అడగండి, సల్ఫా మందులు పడనివారైతే ఆ సంగతి ముందే చెప్పండి.

ఇంకొక హెచ్చరిక కూడా ఇక్కడే చెప్పాలి. కుస్కోలో ప్రతి బసలోనూ కోకా ఆకుల తేనీరు ఇస్తారు. అక్కడ అది చట్టబద్ధం, తరతరాల అలవాటు. అయితే ఆ ఆకునుగానీ, తేనీటి పొట్లాన్నిగానీ గుర్తుగా ఉంటుందని సంచిలో వేసుకుని రావద్దు. మన 1985 నాటి మాదక ద్రవ్యాల చట్టం ప్రకారం కోకా ఆకు దగ్గర ఉండడమే నేరం.

ప్రశ్న: నా వయసు 61. రక్తపోటుకు మాత్ర వేసుకుంటాను. ఏటా అలిపిరి నుంచి తిరుమలకు నడిచి వెళ్తాను. ఈ దారి నాకు సాధ్యమేనా? (జయనగర్ పాఠకులు, విశ్రాంత బ్యాంకు ఉద్యోగి)

జవాబు: మీ వైద్యుడు పరీక్షించి సరేనంటే సాధ్యమే. మీ వయసువారు ఇద్దరు మా వెనకా ముందూ నడిచి పూర్తి చేశారు. మీరు తిరుమల మాట ఎత్తారు కాబట్టి ఆ కొలతతోనే చెబుతాను. అలిపిరి దారిలో 3,550 మెట్లు, ఎక్కే ఎత్తు సుమారు 700 మీటర్లు. ఇంకాల బాటలో రెండో రోజు ఒక్కరోజునే సుమారు 1,200 మీటర్లు ఎక్కాలి, అదీ గాలి పలచబడిన చోట. మోకాళ్ళ పర్వతం దగ్గర మీరు ఎలా నడుస్తారో, ఒక మెట్టు, ఒక ఊపిరి, మళ్ళీ ఒక మెట్టు, అలా ఐదారు గంటలు నడవడానికి మనసు సిద్ధం చేసుకోండి. తొందర లేని నడక మీకు ఇప్పటికే అలవాటు ఉన్నది కనుక, కుర్రవాళ్ళకన్నా మీకే అది తేలిక కావచ్చు.

నిజానికి భయపడవలసింది ఎక్కడానికి కాదు, దిగడానికి. కనుమ దాటగానే పకాయ్‌మాయో విడిదికి 600 మీటర్లు రాతిమెట్ల మీదే దిగాలి. ఒక మెట్టు జానెడు ఉంటుంది, దాని కింది మెట్టు మోకాటి ఎత్తు ఉంటుంది, తడిసి ఉంటే జారుతుంది. నందికొండకు వెళ్ళినప్పుడు మెట్లదారిన ఎక్కడంతో ఆపకుండా వాటి మీదే దిగడం కూడా నాలుగైదు నెలలు సాధన చేయండి. రెండు చేతికర్రలు తీసుకువెళ్ళండి. వాటి మొనలకు రబ్బరు తొడుగు లేకపోతే రాళ్ళు గీసుకుపోతాయని ఆ దారిలో అనుమతించరు.

మొత్తం దారి సుమారు 42 కిలోమీటర్లు. మొదటి రోజు రైలు మార్గంలో 82వ కిలోమీటరు దగ్గర ఉరుబాంబా నది దాటి సులువుగా సాగుతుంది. రెండో రోజు సంగతి చెప్పాను. మూడో రోజు అన్నిటికన్నా పొడవైనదీ, అన్నిటికన్నా అందమైనదీ. మోకాళ్ళు ఒప్పుకోకపోతే 104వ కిలోమీటరు దగ్గర రైలు దిగి విన్యాయ్ వాయ్నా అనే శిథిలాల మీదుగా ఒకే రోజులో మాచు పిచ్చు చేరే చిన్న దారి ఉంది. ఎత్తయిన కనుమలు అందులో లేవు, శిథిలాలు మాత్రం ఉన్నాయి. దానిని తక్కువగా చూడవద్దు.

ప్రశ్న: పర్మిట్, వీసా, టీకాల వివరాలు చెప్పగలరా? పర్మిట్ దొరకకపోతే ఏమిటి దారి? (రాజాజీనగర్, కె.ఆర్.పురం నుంచి ముగ్గురు)

జవాబు: గుర్తింపు పొందిన సంస్థ ద్వారా, మార్గదర్శితో తప్ప ఈ దారిలో ఎవరినీ వదలరు. రోజుకు మొత్తం 500 మందికే అనుమతి. వంటవాళ్ళు, కూలీలు, మార్గదర్శులు కూడా ఆ లెక్కలోనే వస్తారు కాబట్టి యాత్రికులకు మిగిలేవి సుమారు 200. మరుసటి ఏడాది పర్మిట్లు సాధారణంగా అక్టోబరు నుంచి అమ్మకానికి వస్తాయి. మే నుంచి ఆగస్టు వరకు వానలు లేని నెలలు కనుక వాటికి పోటీ ఎక్కువ. ఫిబ్రవరిలో దారి మూసి మరమ్మతులు చేస్తారు. పర్మిట్ మీద పాస్‌పోర్టు నంబరు ఉంటుంది, పేరు మార్చడం కుదరదు. ఇంటిపేరు ఒకచోట పొడి అక్షరంగా, ఇంకొకచోట పూర్తిగా రాసే అలవాటు మనకు ఉన్నది కాబట్టి పాస్‌పోర్టులో ఉన్నది ఉన్నట్టుగా నింపారా అని రెండుసార్లు చూసుకోండి. పాస్‌పోర్టు ఈలోగా మారితే పాతది కూడా వెంట ఉంచుకోండి.

అమెరికా, బ్రిటన్, కెనడా, ఆస్ట్రేలియా లేదా షెంగెన్ దేశాల వీసా ఆరు నెలల గడువుతో ఉన్న భారతీయులకు పెరూ వీసా మినహాయింపు ఇస్తోంది. లేనివారు ఢిల్లీలోని పెరూ రాయబార కార్యాలయంలో దరఖాస్తు చేయాలి. నిబంధనలు మారుతుంటాయి కనుక టికెట్ కొనక ముందే అక్కడ ధ్రువీకరించుకోండి. మధ్యలో విమానం మారే దేశానికి ట్రాన్సిట్ వీసా కావాలేమో కూడా చూసుకోండి.

చాలామంది మరిచిపోయేది ఎల్లో ఫీవర్ టీకా. ఆ జ్వరం ఉన్న దేశాల జాబితాలో పెరూ ఉన్నది కాబట్టి అక్కడి నుంచి వచ్చేవారు టీకా పత్రం చూపకపోతే మన విమానాశ్రయంలో ఆపి ఆరు రోజుల వరకు విడిగా ఉంచవచ్చు. టీకాను కేంద్ర ప్రభుత్వం గుర్తించిన కేంద్రాల్లోనే, ప్రయాణానికి కనీసం పది రోజుల ముందు వేయించుకోవాలి. అరవై దాటినవారికి ఆ టీకా వల్ల ఇబ్బంది వచ్చే అవకాశం కొంత ఎక్కువ కనుక, పైన రాసిన జయనగర్ పాఠకులు వైద్యుణ్ణి ఈ విషయం కూడా విడిగా అడగాలి.

పర్మిట్ దొరకనివారికి సల్కంతాయ్ దారి ఉంది. దాని కనుమ 4,600 మీటర్లు దాటుతుంది, మంచుకొండ పక్క నుంచే వెళ్తుంది, కానీ దారి పొడవునా ఇంకాల కట్టడాలు ఉండవు. శిథిలాలే ముఖ్యమైతే నేను చోకెకిరావ్ అనే మరో ఇంకాల ఊరికి వెళ్ళమంటాను. అపురిమాక్ నది లోయలోకి 1,500 మీటర్లు దిగి, మళ్ళీ దాదాపు అంతా ఎక్కాలి. ఆ శ్రమ వల్లనే అక్కడ జనం పలచగా ఉంటారు. తెల్లరాళ్ళతో లామా జంతువుల బొమ్మలు పొదిగిన సోపాన క్షేత్రాలు, అంటే కొండవాలున మెట్లు మెట్లుగా కట్టిన పొలాలు, అక్కడ తప్ప మరెక్కడా కనిపించవు.

ప్రశ్న: మేము శాకాహారులం, ఉల్లి తింటాం, గుడ్డు తినం. తిండికి ఇబ్బంది పడతామా? (విజయనగర్ పాఠకురాలు)

జవాబు: పడరమ్మా. ముందుగా చెబితే వంటవాళ్ళు క్వినోవా సూపు, అన్నం, చిక్కుడు గింజలు, మొక్కజొన్న, బంగాళదుంపలతో రోజూ వేడిగా వండిపెడతారు. గుడ్డు సంగతి విడిగా చెప్పండి, శాకాహారం అంటే అక్కడ గుడ్డు కలిపే అర్థం చేసుకుంటారు. బంగాళదుంప పుట్టినిల్లు ఆ కొండలే. మన బజ్జీలోకీ వేపుడులోకీ వచ్చే దుంపను అక్కడివారు వేల ఏళ్ళుగా పండిస్తున్నారు, రాత్రి మంచులో గడ్డకట్టించి పగలు ఎండబెట్టి ఏళ్ళ తరబడి దాచుకుంటారు. మన వేరుశనగ, మిరప, టమాటా కూడా ఆ ఖండం నుంచే సముద్రం దాటి మనకు వచ్చాయి. ఎత్తులో నాలుకకు రుచి అంతగా తెలియదు కాబట్టి కందిపొడి డబ్బా ఒకటి, కంపెనీ సీలుతో ఉన్నది, కస్టమ్స్ పత్రంలో రాసి తీసుకువెళ్ళండి.

ప్రశ్న: నేను సివిల్ ఇంజినీరును. హంపీ నాలుగుసార్లు చూశాను. ఇనుము, చక్రం, లిపి లేని ఇంకాలు అంత నిట్రమైన కొండ మీద కట్టిన ఊరు ఆరువందల ఏళ్ళుగా ఎలా నిలిచింది? (యలహంక పాఠకులు)

జవాబు: ఈ ప్రశ్న కోసమే నేను ఎదురుచూశాను. మీరు హంపీ పేరు ఎత్తడం కూడా సరైనదే, ఎందుకంటే ఆ రెండు రాజ్యాలూ ఒకే కాలానివి. మాచు పిచ్చును కట్టించాడని చెప్పే పచకూటి చక్రవర్తి పదిహేనో శతాబ్ది మధ్యలో పాలించాడు. ఆయన మనుమడు వాయ్నా కపాక్, మన కృష్ణదేవరాయలు సమకాలికులు. కుస్కో 1533లో స్పెయిన్ వారి చేతికి చిక్కింది, విజయనగరం 1565లో ధ్వంసమైంది. మాచు పిచ్చు, హంపీ రెండూ గ్రానైటు గుండ్ల మధ్య కట్టిన ఊళ్ళే. హంపీ గుండ్ల మీద వరుసగా ఉలితో తొలిచిన చదరపు గుంతలు మీరు చూసే ఉంటారు. ఇంకాలకు ఆ ఇనుప ఉలి లేదు. రాతికన్నా గట్టి గుండురాళ్ళను చేతపట్టి, మోది మోది, ఒక రాతి అంచు పక్కరాతి అంచులో కుదిరేదాకా అరగదీశారు. మాచు పిచ్చులో ఒక గుడి గోడ దగ్గర మా మార్గదర్శి నా వేలిగోరును ఒక అతుకులో పెట్టి చూడమన్నారు. గోరు అంచు కూడా దూరలేదు. ఇలాంటి మేలైన గోడల్లో సున్నం లేదు, మట్టి లేదు. గోడలు లోపలికి కొద్దిగా వాలి ఉంటాయి, గుమ్మాలు పైన ఇరుకుగా, కింద వెడల్పుగా ఉంటాయి. భూకంపాల నేలలో ఈ వాలే వాటిని కాపాడింది.

అయితే మీ వృత్తికి అసలైన విందు గోడల్లో లేదు, గోడల కింద ఉంది. మాచు పిచ్చులో ఏటా సుమారు 2,000 మిల్లీమీటర్ల వాన పడుతుంది, అంటే బెంగళూరుకు రెట్టింపు. అంత నీటిని నిట్రమైన కొండ మీద అదుపు చేయకపోతే ఊరంతా నదిలోకి జారిపోయేది. అమెరికా ఇంజినీరు కెన్నెత్ రైట్ బృందం 1990లలో అక్కడి నీటి పనులను కొలిచి చూసింది. ఊటనీటిని తెచ్చే కాలువ పొడవు 749 మీటర్లు, దాని కింద ఒకదాని తరువాత ఒకటిగా 16 జలధారలు, గోడల్లో దాదాపు 130 నీటి తూములు ఉన్నాయి. సోపాన క్షేత్రాల్లో పైన సాగుమట్టి, దాని కింద ఇసుక, గులకరాళ్ళు, అడుగున పెద్ద రాళ్ళు పొరలుగా పరిచారు. ఆ ఊరి నిర్మాణ శ్రమలో అరవై శాతం భూమి అడుగునే ఉన్నదని రైట్ అంచనా. చిన్న వానకే మన వీధులు చెరువులయ్యే ఊరిలో ఉండి ఈ సంగతి చదివినప్పుడు, మన బెంగళూరు కొలనులను ఒకదానితో ఒకటి కలిపిన పాత కాలువలను ఎవరు పూడ్చారా అని నాకు నిజంగా బాధ కలిగింది. హంపీలో విజయనగర కాలపు కాలువలు కొన్ని ఈనాటికీ పొలాలు తడుపుతున్నాయి కదా, అదే జాతి పని ఇది.

ఈ పనిని చూడడానికి మాచు పిచ్చు వరకు ఆగనక్కరలేదు. మూడో రోజు ఫుయుపటమార్కా అనే శిథిలాల దగ్గర కొండ అంచున వరుసగా రాతి తొట్లు కనిపిస్తాయి, పై తొట్టి నిండి కింది తొట్టిలోకి సన్నని ధార పడుతుంటుంది. నేను వెళ్ళిన రోజున అక్కడ మబ్బు మా కాళ్ళ కింద ఉంది, ఆ పేరుకు అర్థమూ మబ్బుల మీది ఊరు అనే. దోసిలి పట్టి చూశాను. ఎప్పుడో చెక్కిన గాడి నీటిని రాతి గోడకు తాకకుండా దూరంగా విసురుతోంది. అందుకే మీకు నా మనవి ఒక్కటే. ఈ నాలుగు రోజులూ ఊరు చేరడానికి నడుస్తున్నామని అనుకోకండి. 30,000 కిలోమీటర్లకు పైగా పరిచిన ఇంకాల రహదారుల్లో మీ కాళ్ళ కింద ఉన్నది ఒక ముక్క. ఆ బాట కూడా శిథిలమే, దాని పక్కన కూడా అక్కడక్కడా సన్నని నీటి కాలువలు ఉన్నాయి.

అమెరికా అన్వేషకుడు హైరమ్ బింగమ్ 1911 జూలై 24న మాచు పిచ్చును కనుగొన్నాడని పుస్తకాల్లో ఉంటుంది. ఆయనను అక్కడికి తీసుకువెళ్ళినది మెల్చోర్ ఆర్తియాగా అనే స్థానిక రైతు. ఆ సోపానాల మీద అప్పటికే కొన్ని కుటుంబాలు సేద్యం చేసుకుంటున్నాయి. కనుగొనడం అనే మాటను ఆ మేరకు సవరించుకుని చదవండి.

ప్రశ్న: మన సామాను మోయడానికి కూలీలను పెట్టుకోవడం న్యాయమేనా? నాకు మనసు ఒప్పడం లేదు. (మల్లేశ్వరం విద్యార్థిని)

జవాబు: నీ సంకోచం మంచిదే తల్లీ, కానీ దాన్ని సరైన చోటికి తిప్పాలి. ఆ కూలీల్లో ఎక్కువమంది క్వెచువా భాష మాట్లాడే రైతులు. పొలం పని లేని రోజుల్లో ఈ కూలి మీదే ఇల్లు గడుస్తుంది. మోయించుకోకుండా ఉంటే వారికి మేలు జరగదు, న్యాయంగా మోయించుకుంటే జరుగుతుంది. పెరూ ప్రభుత్వం 2001లో వీరి కోసం ప్రత్యేకంగా చట్టం చేసింది. ఒక పురుషుడు మోసే బరువు 20 కిలోలు దాటకూడదు. 82వ కిలోమీటరు దగ్గర ప్రతి మూటనూ కాటా మీద పెట్టి తూస్తారు. మా బృందంలో ఒకరి మూట దాటింది. తూచే ఉద్యోగి తల అడ్డంగా ఊపితే, ఆ నడివయసు కూలీ మూట విప్పి తన దుప్పటిని బయటికి తీసి పక్కన పెట్టాడు. మా వస్తువుల బరువుకు ఆయన దుప్పటి వదులుకోవలసి వచ్చిందని గ్రహించిన మా స్నేహితురాలు అక్కడే తన సంచి విప్పి రెండో జత బూట్లు, పుస్తకాలు తీసి వీపున వేసుకుంది, దుప్పటి తిరిగి మూటలోకి వెళ్ళింది.

కాబట్టి సంస్థను ఎంచుకునేటప్పుడు ధర అడిగే ముందు ఈ ప్రశ్నలు అడుగు. కూలీకి రోజుకు ఎంత ఇస్తారు, బూట్లు ఇస్తారా, రాత్రి వారు దేనిలో పడుకుంటారు, మన తిండే వారికీ ఉంటుందా. పకాయ్‌మాయోలో జూన్, జూలై రాత్రులు నీరు గడ్డకట్టే చలి ఉంటుంది. జవాబు తడబడితే ఆ సంస్థను వదిలెయ్యి, చౌకగా వచ్చే ప్యాకేజీలో మిగిలే డబ్బు సాధారణంగా వీరి కూలిలోంచే వస్తుంది. నీ మూట ఏడు కిలోలు దాటకుండా ఇంట్లోనే తూచుకో.

ఇంకొక సంగతి ముందే తెలిసి ఉండడం మంచిది. నాలుగో రోజు తెల్లవారుజామున మనం ఇంతి పుంకు, అంటే సూర్య ద్వారం వైపు నడుస్తుండగా కూలీలు గూడారాలు సర్దుకుని రైలు అందుకోవడానికి మరో దారిన దిగిపోతారు. మన కోసం అంత మోసినవారు మాచు పిచ్చులో మన పక్కన ఉండరు. అందుకని మూడో రాత్రి విన్యాయ్ వాయ్నా విడిదిలోనే, భోజనం అయిన తరువాత, ఒక్కొక్కరి పేరు పెట్టి పిలిచి, ఇవ్వదలచినది వారి చేతికే ఇచ్చి, సుల్పయ్‌కి అని చెప్పు. వారి భాషలో కృతజ్ఞతకు మాట అది.